పదకొండో తాడు నుంచి పద్దెనిమిదో తాడు దాకా

"డాక్టరయినంక ఇంకేమైతరమ్మా?"
రామగిరిల మా ఇంటామె అడిగింది, మోకాలు ముందటికి చాపి.
పోస్ట్‌డాక్ అన్న.
చాన్నాళ్ళు పోస్టాఫీసు అనుకుంది.
రెండు నెలలు కిరాయి సగమే ఇచ్చినప్పుడు
ఏదో చిన్న నౌకరే అని సమజైందామెకు.

నా నౌకరి కల్లు చదువుడు.

తిప్పర్తి అవతల నలభై తాళ్ళు.
ఒక్కో లొట్టి నుంచి రెండు చెంచాలు
చిటికెన వేలంత గొట్టంల పోసి
థర్మాకోల్ డబ్బాల ఐసు కింద దాచి
బస్సుల ఒళ్ళె పెట్టుకొని తెస్తుంటే
కండక్టరు వాసన పట్టి అడిగిండు,
"చేపలా మేడమ్?"

పులిపించేటివి, నురగ లేపేటివి,
ఊరికె కూసున్నవి, ఎన్ని ప్రాణాలో అండ్ల.
నాలుగే అక్షరాలు. ముక్కలేమో కోట్లు.
మార్కెట్ యార్డు ఖాళీ అయినంక
నేల మీద రాలిన గింజలేరి
ఎవరి బస్తా ఎక్కడ దిగిందో చెప్పాలె, గట్లాంటి పని.
పట్నంల ఉన్న సర్వర్‌కు రాత్రి అప్పజెప్తే
నీ ముందు నూటపద్నాలుగు మంది అంటది.
రేషన్ దుకాణం కాడ సంచి పెట్టి పోయినట్టు
పేరు ఆడ పెట్టి పండుకుంట.

రెండో ఏడు మాఘం.
ఈసారి నేను పోలే. ఫెలోషిప్ కాయితాలకు తిరుగుతున్న.
మా ల్యాబ్ పిల్లగాడు నరహరి పోయి తెచ్చిండు.
అవే చెట్లు, అదే ఐసు డబ్బా.
తెర మీద చుక్కలన్నీ పోయినేటి జాగలనే కూసున్నయి,
పదకొండు నుంచి పద్దెనిమిది తప్ప.
ఆ ఎనిమిది గుంపునిడిచి
మూలకు పోయి నిలబడ్డయి
ఎవరో గదమాయించినట్టు.

మూడు వారాలు తప్పు ఎతికిన.
కోడ్‌ల కామా కామా తడిమిన.
గొట్టాల మీది అంకెలు, కిట్ల తారీఖులు,
పక్క చేన్ల పత్తికి కొట్టిన మందు, అన్నీ అడిగిన.
నరహరిని తిట్టిన గూడ.
సార్ ఫోన్ల అన్నడు,
"ఎనిమిదే కదా, తీసెయ్. మార్చిల పేపర్ పోవాలె."
మార్చిల నా కాంట్రాక్టు గూడ పోతది.
ఆ మాట ఇద్దరం అనలే.

తీసేసుడంటే ఒక్క వరుస.
రాసిన.
ఎంటర్ మీద వేలు పెట్టి
ఎందుకో సైదులుకు ఫోన్ చేసిన.

సాలమ్మ ఎత్తింది.
"కార్తీకంల పడ్డడమ్మా. మోకు జారింది.
నడుమిరిగింది, మంచంలనే ఉంటుండు.
ఆయన వాటా చెట్లు మా తమ్ముడు జానయ్య గీస్తుండు."
ఎన్ని చెట్లని అడిగిన. తెలిసే అడిగిన.
"ఎనిమిది."

లతీఫ్ సాబ్ గుట్ట మీద లైట్లు.
చానాసేపు వాటినే చూసిన.
ముప్పై ఏండ్లు కత్తి తుడిచిన ఆ పంచె కొంగు,
గెలను సవరించిన బొటనవేలు,
గోటి సందుల దాసుకున్న నిన్నటి నురగ,
అండ్లకెల్లి లొట్టిలకు దిగినయి ఆ ప్రాణాలు.
చెయ్యి మారంగనే కల్లు మారింది.
మనిషి చెట్టు మీదికెల్లి పడితే
నాకు చుక్కలు జరిగినట్టు కనబడ్డది.
దానికి తప్పు అని పేరు పెట్టిన.

ఆదివారం పోయిన, నాలుగు బత్తాయిలు పట్టుకొని.
సైదులు తల ఒక్కటే తిప్పి
"నా కల్లు పాసైందా?" అన్నడు.
జవాబు రాలే నాకు.
చెయ్యి చాపమన్న. చాపిండు.
మోకు ఒరుసుకున్న చోట అరచేయి ఇంకా నున్నగనే ఉన్నది.
దూదిపుల్లతోటి మెల్లగ రుద్దుతుంటే నవ్విండు.
"ఆలస్యం జేసినవ్ బిడ్డా.
మంచాన పడ్డకాడికెల్లి
పొద్దుమాపు సబ్బు పెట్టి కడుగుతున్నరు దీన్ని.
ఇప్పుడేం దొరుకుతది?"

సాలమ్మ అవతలికి పోయింది.
పుల్ల గొట్టంల ఏసి మూత బిగించిన.
మీద నలభై ఒకటి అని రాసిన.